టైగర్ అందామా, చిట్టి అందామా?

కుక్కల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాం. అసిస్టెంటు తలుపు తీసి "రాకీ!" అని కేకేశాడు. ముగ్గురు ఒకేసారి లేచారు. ఒకాయన అరచేతిలో ఇమిడిపోయే చివావా. ఒకమ్మాయి పక్కన తోక ఆపకుండా ఊపుతున్న లాబ్రడార్. మూడో రాకీ జర్మన్ షెపర్డ్. అది బెంచీ కిందికి దూరి, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపట్టి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంజెక్షన్ వాసన దానికి ముందే తెలిసిపోయింది.

పేరు ఒకటే అయినా ఆ మూడు కుక్కలకీ ఎక్కడా పోలిక లేదు. యజమానుల్లో మాత్రం ఒక పోలిక కనిపించింది. ఆ పిలుపు వినగానే ముగ్గురి ఛాతీ కాస్త పొంగింది.

పేరు పెట్టే రోజున కుక్కపిల్లకి రెండు నెలలు కూడా నిండి ఉండవు. దాని గుణమేమిటో ఇంకా ఎవరికీ తెలీదు. కాబట్టి ఆ పేరులోకి దిగేది మన మనసే. మనకి ఎలాంటి తోడు కావాలనుందో, లోకం మనల్ని ఎలా చూడాలనుందో అంతా అందులో పడుతుంది. స్నేహితులు కుక్కపిల్లని తెచ్చుకున్నప్పుడల్లా పేరు కోసం నన్ను అడుగుతారు. నాకు ఇంతకన్నా ఇష్టమైన పని లేదు, గంటల తరబడి కూర్చుంటాను. ఒక్క లెక్క చూడండి. రోజుకి 20 సార్లు పిలిచినా, కుక్క 12 ఏళ్లు బతికితే ఆ పేరు మన నోటి నుంచి 87,600 సార్లు వస్తుంది. ఇంట్లో మనం అన్నిసార్లు పలికే మాటలు ఎన్నో ఉండవు.

భయపెట్టే పేరా, ముద్దు పేరా?

అందరూ మొదట తేల్చుకోలేనిది ఇక్కడే. ఒకవైపు టైగర్, సీజర్, రాకీ, డెవిల్. ఇంకోవైపు చిట్టి, బుజ్జి, పింకీ, బబ్లూ.

టైగర్ అని పెట్టేవాళ్లకి ఇంటికి కాపలా కావాలి. వాళ్లలో చాలామందికి అది మొదటి కుక్క. తమకే కాస్త భయంగా ఉంటుంది కాబట్టి ధైర్యాన్ని ముందు పేరులో పెట్టుకుంటారు. నాకు ఆ ఆశ చూస్తే ముచ్చటేస్తుంది. మా పక్కింటి టైగర్ ఉరుము వినబడితే చాలు, మంచం కిందికి వెళ్లి గోడకి ముక్కు ఆనించి పడుకుంటుంది. వాళ్లాయన ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుని, చెయ్యి కిందికి చాపి, "ఏం లేదు టైగర్, ఏం లేదురా నాన్నా" అంటూ వాన వెలిసేదాకా నిమురుతూనే ఉంటాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని చుట్టాలు నవ్వుతారు. ఆ చెయ్యి చూసినవాళ్లకి నవ్వు రాదు.

అయినా పెద్ద జాతి కుక్కకి భయపెట్టే పేరు వద్దనే చెబుతాను. ఎందుకంటే ఆ పేరు వీధిలో వినేది కొత్తవాళ్లు. పట్టీ జారిపోయి కుక్క పరుగెత్తింది. వెనకాల నుంచి మీరు "డెవిల్, ఆగు!" అని అరుస్తున్నారు. ఎదురుగా బడికి వెళ్లే పిల్లాడు ఉన్నాడు. వాడికి కనబడేది 40 కిలోల కుక్క, వినబడేది దెయ్యం పేరు. వాడు పరుగు లంకించుకుంటాడు, పరుగెత్తేవాణ్ని చూసి కుక్క ఇంకా హుషారుగా వెంటపడుతుంది. అదే మీరు "చిట్టీ, ఆగు!" అని అరిస్తే పిల్లాడు ఒక్క క్షణం ఆగి చూస్తాడు. ఆ ఒక్క క్షణం చాలు. మనుషులు నిలబడితే కుక్క నెమ్మదిస్తుంది, మీరు వెళ్లి పట్టీ అందుకోవచ్చు. పెద్ద కుక్కకి మెత్తని పేరు పెడితే ఇలా రోజూ పనికొస్తుంది.

గ్రేట్ డేన్ పిల్లకి చిట్టి అని పెడితే రేపు అది 60 కిలోలు అయ్యాక బాగుంటుందా అని చాలామంది అడుగుతారు. చాలా బాగుంటుంది. అంత పెద్ద చిట్టి వచ్చి మన ఒళ్లో తల పెట్టుకుంటే చూసినవాళ్లందరి మొహం విచ్చుకుంటుంది. ఇక చిన్న కుక్కకి సీజర్, చక్రవర్తి లాంటి పేర్లంటారా, నిరభ్యంతరంగా పెట్టుకోండి. చిన్న కుక్కలు చాలావరకు తమని తాము అలాగే అనుకుంటాయి.

మనుషుల పేరా, వస్తువు పేరా?

మనుషుల పేరు పెట్టేవాళ్లు కుక్కని మొదటి రోజే ఇంటి మనిషిగా లెక్కేసుకున్నారని అర్థం. న్యూయార్క్ నగరం కుక్కల లైసెన్సుల్లో ఏళ్ల తరబడి ముందు వరసలో ఉంటున్న బెల్లా, మాక్స్, చార్లీ అన్నీ మనుషులు పెట్టుకునే పేర్లే. తెలుగులో రాజు, రాణి, చింటూ ఆ కోవలోవే.

చిక్కు ఒక్కటే. ఒక ఇంట్లో కుక్క పేరు రాజు. ఆ ఇంటి పెద్దాయన వేలువిడిచిన బాబాయి పేరూ రాజే. ఆయన వచ్చి హాల్లో కూర్చున్న పది నిమిషాలకి వంటింట్లోంచి కేక వచ్చింది: "రాజూ! ఆ చెప్పు ముందు కింద పెట్టు!" ఆయన పాపం గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నారు. చెప్పు నోట కరుచుకున్న రాజు సోఫా వెనకాల ఉంది. అందరూ కడుపుబ్బ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. కానీ ఆ రోజు నుంచి ఆయన వస్తున్నారంటే ఇంట్లో వాళ్లకి టెన్షన్, కుక్కని ఏమని పిలవాలా అని. మనుషుల పేరు కావాలంటే ముందు చుట్టాలవీ ఇరుగుపొరుగువాళ్లవీ ఆఫీసు పెద్దలవీ పేర్లు ఒకసారి తిరగేయండి. అల్లుడి పేరు అసలు మర్చిపోకండి.

తినే వస్తువుల పేర్లు పెట్టేవాళ్లు నాకు తెలిసినంతలో అందరికన్నా సరదా మనుషులు. కుకీ, కోకో, బ్రౌనీ అంటే చాలు, కుక్కని చూడకముందే దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. బిస్కట్ అనే పేరు మాత్రం పెట్టొద్దు. "బిస్కట్ తింటావా?" అన్నప్పుడల్లా ఆ కుక్కకి తన పేరు తిండి అయిపోతుంది. "బిస్కట్, రా" అన్నప్పుడల్లా చెయ్యి ఖాళీగా ఉందని చూసి చిన్నబుచ్చుకుంటుంది.

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన రెండు బీగిల్ కుక్కలకి ఏ తంటా లేకుండా హిమ్, హర్ అని పెట్టాడు. మన భాషలో అయితే అతడు, ఆమె. ఇంట్లో మాత్రం ఈ పద్ధతి వద్దు. "ఆమె ఎక్కడికి వెళ్లింది?" అని ఎవరన్నా అడిగితే ఇంటిల్లిపాదీ వెతుక్కోవాలి.

ఉన్నది ఉన్నట్టు పెట్టే పేరు

నల్లగా ఉంది కాబట్టి నల్లోడు, మచ్చలున్నాయి కాబట్టి చుక్క. ఇలా పెట్టేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాళ్లు ఎదురుగా ఉన్న ప్రాణిని చూసి పెడతారు, తమ కోరికని దాని మీద రుద్దరు. ఈ పద్ధతి వేదమంత పాతది. యముడి దగ్గర ఉండే రెండు కుక్కల పేర్లు శ్యామ, శబల. అంటే నల్లది, మచ్చలది. అంతటి భయంకరమైన కొలువులో ఉన్నవాటికి కూడా ఒంటి రంగే పేరైంది. 1957 నవంబరు 3న రష్యన్లు అంతరిక్షంలోకి పంపిన కుక్కకి మొదటి పేరు కుద్ర్యావ్‌కా, అంటే ఉంగరాల జుట్టుది. తర్వాత లోకమంతా తెలిసిన లైకా అన్న పేరుకి అర్థం మొరిగేది. వెళ్లిన లైకా తిరిగి రాలేదు. 1960లో వెళ్లిన బెల్కా, స్ట్రెల్కా ప్రాణాలతో దిగాయి. స్ట్రెల్కాకి ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఒకదాని పేరు పుషింకా, మెత్తని బొచ్చుది అని. ఆ పిల్లని అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంటికి కానుకగా పంపారు. రెండు దేశాలు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో బొచ్చుపిల్ల అనే పేరున్న ప్రాణి ఇటు నుంచి అటు వెళ్లిందంటే నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందమే.

ఒక్క జాగ్రత్త. రంగు చూసి పేరు పెట్టాలంటే కొన్నాళ్లు ఆగాలి. డాల్మేషియన్ పిల్లలు పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి, మచ్చలు తర్వాత తేలతాయి. కెర్రీ బ్లూ టెరియర్ నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ నీలి బూడిద రంగులోకి మారుతుంది. తొందరపడి పెట్టిన నల్లోడు ఏడాది తిరిగేసరికి బూడిదోడు అవుతాడు.

గొప్పవాళ్ల పేర్లు

అభిమానంతో పెట్టే పేర్లు ఇవి. ఆటగాడు, నటుడు, సేనాపతి ఎవరైనా కావచ్చు. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు మంచు మీద బళ్లలో చేర్చిన కుక్కల్లో టోగో ఒకటి, బాల్టో ఒకటి. టోగోకి ఆ పేరు జపాన్ నౌకాసేనాధిపతి టోగో మీదుగా వచ్చింది. బాల్టోకి ఉత్తర ఐరోపాలోని సామీ జాతి సాహసి శామ్యూల్ బాల్టో మీదుగా వచ్చింది. చివరి దూరం లాగిన బాల్టోకి న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారు. అందరికన్నా దూరం, అందరికన్నా ప్రమాదం మీద పరుగెత్తింది టోగో. ఇప్పుడు ఆ రెండు పేర్లు వినగానే ఎవరికైనా కుక్కలే గుర్తొస్తాయి, ఆ పెద్దమనుషులు కాదు. కాబట్టి మీ అభిమాన హీరో పేరు పెట్టాలనుంటే పెట్టుకోండి. ఆ పేరుకి అసలు యజమాని ఎవరో కుక్కే నిర్ణయిస్తుంది.

జ్ఞాపకం కోసం పెట్టే పేర్లు వీటికన్నా నాకు ఇష్టం. రతన్ టాటా చేరదీసి పెంచిన వీధికుక్క పేరు గోవా. పిల్లగా ఉన్నప్పుడు గోవాలో కారెక్కి వచ్చేసింది కాబట్టి ఆ పేరు. పిలిచిన ప్రతిసారీ అది ఎలా వచ్చిందో గుర్తొస్తుంది. మీ కుక్కపిల్ల వానలో దొరికితే చినుకు అనండి, సంక్రాంతి నాడు దొరికితే మరో ఆలోచన లేకుండా భోగి అనండి.

అసలు పరీక్ష నోట్లో

ఏ రకం పేరైనా చివరికి పిలుపుగా పనికిరావాలి. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫాన్ వేట గురించి రాస్తూ, పిలవడానికి వీలుగా కుక్కలకి పొట్టి పేర్లు పెట్టమని చెప్పి, ఏకంగా 47 పేర్లు రాసిచ్చాడు. చాలావరకు రెండక్షరాలవే. వాటిలో లోంఖే అంటే ఈటె, హూబ్రిస్ అంటే పొగరు, ఖరా అంటే సంతోషం. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ప్సూఖే, అంటే ఆత్మ. రెండు వేల ఏళ్లు దాటాక జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ తన పూడుల్ కుక్కకి పెట్టిన పేరు కూడా అదే, అచ్చంగా మన మాటలో: ఆత్మ. కుక్క కళ్లలోకి చూసిన ఇద్దరికి, అంత దూరాన ఉండి కూడా, ఒకే మాట తోచింది.

ఇక్కడ తెలుగు మనకి పెద్ద మేలు చేస్తుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, పిలిచేటప్పుడు ఆ చివరి అచ్చుని ఎంతైనా సాగదీయవచ్చు. చిట్టీ, మల్లీ, చినుకూ. మైదానం అవతలి చివర గడ్డి వాసన చూస్తున్న కుక్కకి చేరేది ఆ సాగదీతే. మాక్స్, రెక్స్, బ్రూస్ లాంటివి హల్లు దగ్గర టక్కున ఆగిపోతాయి. అందుకే మన నోట్లో పడగానే మాక్స్ కాస్తా మాక్సూ అవుతాడు. మా స్నేహితురాలి మాక్స్ ఇప్పుడు "మాక్స్" అంటే చెవి కూడా కదపదు. "మాక్సూ" అన్నామా, మెట్లు మూడేసి చొప్పున దూకుతూ వచ్చేస్తుంది. కాబట్టి పేరుని కాగితం మీద రాసి చూడటం కాకుండా, గొంతెత్తి పిలిచి చూసి ఎంచుకోండి. మధ్యలో చిట్టి, బుజ్జి, లక్కీ లాగా ఒత్తు ఉంటే పిలుపుకి ఒక విసురు వస్తుంది. క, ట, డ లాంటి గట్టి అక్షరాలు చెవిని తొందరగా తాకుతాయని శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా చెబుతారు.

మనం వాడే ఆజ్ఞలతో పేరు కలవకూడదు. కుక్కకి నో, గో, సిట్ నేర్పేవాళ్లు జో, బో, కిట్టు వదిలేయాలి. తెలుగులో మాట్లాడేవాళ్లకి ఇంకో ముడి ఉంది. రాజా, రాణి, రాము అన్నింటి మొదటి అక్షరమే "రా". "రా" అనగానే పరుగెత్తుకొచ్చేలా నేర్పిన కుక్కతో "రాజా, అక్కడే ఆగు" అంటే, పాపం అది మొదటి అక్షరానికే బయల్దేరుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు. ఇంట్లో "రా" అని నేర్పేటట్టయితే ఈ పేర్ల బదులు మోతీయో, టిక్కూయో చూసుకోండి.

ఇంట్లో రెండు కుక్కలుంటే ప్రాస మీద మోజు వదులుకోవాలి. చింకీ, పింకీ అంటే మనకి చెవికింపు. వాటికి మాత్రం ప్రతి పిలుపూ సందేహమే, రెండూ లేచి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. తన పేరుని మరో పేరు నుంచి వేరు చేసి వినడం కుక్కకి బాగానే వచ్చు. పక్కన వేరే మాటలు వినబడుతున్నా తన పేరు గుర్తుపడుతుందని 2019లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూపించారు. 2011లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం ఛేసర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి 1,022 బొమ్మల పేర్లు వచ్చేవి. అంత తెలివి దానికి ఉన్నప్పుడు, మొదటి అక్షరం వేరుగా, చివరి అచ్చు వేరుగా ఉండే రెండు పేర్లు వెతకడం మన వంతు. టిక్కూ, మల్లి బాగుంటాయి. చింకీ, పింకీ వద్దు.

కాగితం మీది పేరు

జాతి కుక్కలకి రిజిస్ట్రేషన్ పేరు వేరుగా ఉంటుంది, దాని గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్కాటీ కుక్క పూర్తి పేరు మర్రే ది అవుట్‌లా ఆఫ్ ఫాలాహిల్. పిలిచింది ఫాలా అని. ఇంగ్లండు రాజకుటుంబానికి 1933లో వచ్చిన మొదటి కోర్గీ కాగితాల్లో రోజావెల్ గోల్డెన్ ఈగిల్. డ్యూక్ గారింటికి వెళ్లబోతోందని పెంపకం వాళ్లు దాన్ని డూకీ అన్నారు, అదే నిలిచిపోయింది. గొప్ప పేరు మీద మనసుంటే కాగితం మీద ఎంత పొడుగైనా రాసుకోండి. భర్త సీజర్ అని, భార్య బుజ్జి అని పట్టుబట్టిన ఇళ్లలో ఈ దారి చాలా గొడవలు తీరుస్తుంది. కుక్క మాత్రం రోజూ అన్నం పెట్టేవాళ్లు పిలిచే పేరుకే పలుకుతుంది.

పాత పేరా, కొత్త పేరా?

ఇది నవ్వుతూ తేల్చే విషయం కాదు. కుక్క పోయాక తెచ్చుకున్న పిల్లకి పాత పేరే పెట్టాలా? షోపెన్‌హావర్ ఒకదాని తర్వాత ఒకటిగా తెచ్చుకున్న పూడుల్స్ అన్నింటినీ ఆత్మ అనే పిలిచాడు. చర్చిల్ పూడుల్ రూఫస్ 1947లో చనిపోతే, తర్వాత వచ్చినదాన్ని కూడా రూఫస్ అన్నాడు. ఆ పేరు నోటికి అలవాటై ఉంటుంది, దాన్ని మానేయడం అంటే రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఆ బాధ నాకు తెలుసు. అయినా నేను వద్దనే చెబుతాను. పాత రాజు తలుపు దగ్గర కూర్చుని ఎదురుచూసేది, కొత్త రాజు చెప్పులు కొరుకుతుంది. పేరు ఒకటే అయితే ఆ పోలిక రోజూ వస్తుంది, ఏ తప్పూ చేయని పిల్ల ప్రతిసారీ ఓడిపోతుంది. దాని పేరు దానికి ఇవ్వండి.

వేరే ఇంటి నుంచో ఆశ్రయం నుంచో పెద్ద కుక్కని తెచ్చుకుంటే దారి వేరు. పాత పేరుతో పిలిచి చూడండి. తోక ఊపితే ఆ పేరు ఉంచేయండి, మీకు నచ్చకపోయినా సరే. దాని వెంట వచ్చిన సొంత ఆస్తి అదొక్కటే. పేరు వినగానే చెవులు వెనక్కి వాలిపోయి, ఒళ్లు ముడుచుకుంటే మాత్రం ఆ పేరు మళ్లీ ఎత్తవద్దు. కొత్త పేరు అనగానే ఏదైనా తినిపించండి, రోజుకి పది పదిహేను సార్లు, మెత్తని గొంతుతో. కొద్ది రోజుల్లోనే తల తిప్పడం మొదలుపెడుతుంది. కొత్త పేరుతో తిట్టడం మాత్రం కనీసం మొదటి నెలంతా వద్దు.

అన్నీ వడపోశాక సాధారణంగా రెండు పేర్లు మిగులుతాయి. వాటిని నాలుగు రకాలుగా పలికి చూడండి. వీధి చివరికి వినబడేలా అరిచి ఒకసారి. పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గుసగుసగా ఒకసారి. చెప్పు కొరికినందుకు కోపంగా ఒకసారి. డాక్టరు గదిలో నలుగురి ముందు "దీని పేరేంటి?" అని అడిగితే చెప్పినట్టు ఒకసారి. ఏ పేరు నాలుగింటికీ తడబడకుండా వచ్చిందో అదే పెట్టుకోండి.

మా ఇంట్లో ఆ పరీక్ష గెలిచిన పేరు మల్లి. వచ్చిన మూడో రోజు సాయంత్రం అది నా మేజోడు నోట కరుచుకుని వరండా దాటి పారిపోతోంది. నేను కూర్చున్న చోటి నుంచే "మల్లీ" అన్నాను. ఆగింది. ఒక చెవి నిక్కింది, రెండోది మడిచినట్టే ఉంది. తల ఒక పక్కకి వాల్చి నా వైపు చూసింది. తర్వాత మేజోడు నేలకి రాసుకుంటుండగా, తొక్కి రెండుసార్లు పడుతూ లేస్తూ, నా దగ్గరికి వచ్చేసింది.